కుక్క లేని కథ

మా నాయనమ్మ భారతం చెప్పేది. చదువు రాదు, విన్నదే చెప్పేది. ఎండాకాలం రాత్రులు నకిరేకల్‌లో మా పాత ఇంటి వాకిట్లో నులకమంచాలు వేసుకుని పడుకున్నప్పుడు రోజుకింత కథ. చివరికి పాండవులు రాజ్యం వదిలేసి కొండలెక్కి పోతారు. ముందు ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. "ఇగ ధర్మరాజు ఒక్కడే పోయిండు బిడ్డా. ఎనక ఎవ్వలు లేరు" అని ఆగిపోయేది. ఆ ఆగిపోవడంలోనే నాకు నిద్ర పట్టేది.

ఎనిమిదో తరగతిలో తెలుగు సార్ అదే కథ చెప్తూ ధర్మరాజు వెంట చివరిదాకా ఒక కుక్క నడిచిందన్నారు. దాన్ని వదిలేసి రమ్మంటే స్వర్గమే వద్దన్నాడట. నేను లేచి నిలబడి "కుక్క లేదు సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చి నాయనమ్మను నిలదీశాను. ఆమె మాట్లాడలేదు. చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. అమ్మ నన్ను వంటింట్లోకి గుంజుకుపోయి తొడ మీద గట్టిగా గిల్లింది. "మీ చిన్నాయిన సంగతి తెల్వదా నీకు?"

తెలుసు. ఎంత తెలియాలో అంతే తెలుసు. 1981లో, పదకొండేళ్ల వయసులో, మా నాయిన తమ్ముడు కుక్క కరిచి చనిపోయాడు. మా ఇంట్లో ఆయన ఫొటో లేదు. ఎప్పుడూ తీయించలేదట. ఆయన గుర్తుగా మిగిలింది ఒక నియమం మాత్రమే. మా గడపలోకి కుక్క రాకూడదు. కథలోకి కూడా రాకూడదని ఆ రోజే అర్థమైంది.

*

2022 చివర్లో నేను ఇంటి నుంచి పని చేసుకోవచ్చని ఆఫీసు వాళ్లంటే, హైదరాబాద్ గది ఖాళీ చేసి నకిరేకల్ వచ్చేశాను. నా స్నేహితురాలు ఒకతి అప్పటికే స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో చదువుకుంటోంది. ఇంటి ఓనరమ్మకు ఒక స్పానియల్ కుక్క ఉంది. ఆదివారాలు దాన్ని తీసుకుని ఇది గుట్టలెక్కేది. డుమ్యాట్ అని ఊరి పక్కనే ఒక గుట్ట, నాలుగు వందల మీటర్ల పైచిలుకు. ఇంకో వారం ఫైఫ్ సముద్రతీరం. ఆ వారంవారం ఫొటోల్లో మబ్బు, గడ్డి, తడిసిన కుక్క. అక్కడ 2003లో చేసిన చట్టం ప్రకారం ఎవరి గుట్టయినా, ఎవరి అడవయినా బాధ్యతగా నడిచేవాళ్లు నడవొచ్చట. కుక్కను అదుపులో పెట్టుకోవాలి, గొర్రెపిల్లలున్న చోటికి తీసుకుపోకూడదు, అంతే. "నీకు కూడా గుట్టలున్నయి కదనే, పోరాదు?" అని మెసేజ్ పెట్టింది.

ఉన్నాయి. నల్లగొండ జిల్లాలో గుట్టలకేం కొదవ. బండ మీద బండ పేర్చినట్టు, ఎవరో ఆడుకుని వదిలేసి పోయినట్టు ఉంటాయి. ఈ రాయి దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటిదని భూగర్భ శాస్త్రం చెప్తుంది. వాటి మీదికి నడవొద్దని మాకు ఏ చట్టమూ చెప్పదు. చెప్పేది ఒక ప్రశ్న: "ఎటు పోతున్నవ్ బిడ్డా, ఒక్కదానివేనా?"

నకిరేకల్‌లో ఆడపిల్ల నడవడానికి కారణం ఉండాలి. గుడి కారణం. దవాఖాన కారణం. షుగర్ ఉంటే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు వేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ ఊరు దాటి, బత్తాయి తోటల పక్క నుంచి గుట్ట వైపు నడిస్తే మోటర్‌సైకిళ్లు నెమ్మదిస్తాయి. గుండ్రంగా నడిస్తే ఆరోగ్యం, సూటిగా నడిస్తే అనుమానం. మొదటి వారంలో మూడు రోజులు బయల్దేరి మూడు రోజులూ మధ్యలోనే వెనక్కి వచ్చాను. ఎవరూ ఏమీ చేయలేదు. అడిగారు, అంతే. ఆ అడగడానికే అలసిపోయాను.

నాలుగో రోజు సేటు వెంట పడ్డాడు.

సేటు అంటే మా గల్లీ మొదట్లో చాయ్ హోటల్ ముందుండే ఎర్ర కుక్క. పొద్దున్నే గల్లాపెట్టె పక్కన ముందుకాళ్లు చాపుకుని, వచ్చేపోయేవాళ్లను లెక్క చూసినట్టు చూస్తాడని హోటలాయన ఆ పేరు పెట్టాడు. పిల్లలకు మాత్రం టైగర్. ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. ఆ రోజు నేను కొన్న బిస్కెట్ పుడకలో సగం తిని, మిగతా సగం నా చేతిలో ఉంది కాబట్టి వచ్చాడు. బిస్కెట్లు అయిపోయాక కూడా వచ్చాడు.

వాడితో నడిచిన మొదటి రోజే ప్రశ్న మారిపోయింది. "ఎటు పోతున్నవ్" పోయి "మీదేనా కుక్క?" వచ్చింది. "కరుస్తదా?" వచ్చింది. "కరుస్తది" అని అబద్ధం చెప్పేదాన్ని. మోటర్‌సైకిళ్లు నెమ్మదించడం మానేశాయి. నా స్నేహితురాలికి చట్టం ఇచ్చింది నాకు చెవి తెగిన ఊరకుక్క ఇచ్చింది.

*

ఆ చలికాలం మేమిద్దరం చాలా నడిచాం. కాలువ కట్ట వెంబడి, తాటిచెట్ల మధ్య నుంచి. కల్లు గీసే ఆయన మోకుతో చెట్టెక్కుతుంటే సేటు కింద కూర్చుని తలెత్తి చూసేవాడు. గుట్ట మీద సీతాఫలం చెట్లు ఆకు రాల్చి ఎండుపుల్లల్లా ఉండేవి. బండ మీద కూర్చుంటే దూరంగా హైవే మీద లారీలు చీమల బారులా విజయవాడ వైపు పోయేవి. గొర్లమంద ఎదురైతే నేను ఆగేదాన్ని, సేటు నా కాళ్ల వెనక్కి వచ్చేవాడు. కాపరి వెంట ఉండే కుక్కలంటే వాడికి భయం. స్కాట్లాండ్ చట్టం వీడికి ముందే తెలిసినట్టుండేది.

ఒక ఆదివారం చందుపట్ల దాకా పోయాం. మా మండలంలోదే ఆ ఊరు. అక్కడొక శాసనం ఉంది. 1289 నవంబర్ 27 నాటిది. పువ్వుల ముమ్మడి అనే ఆయన సోమనాథ దేవుడికి భూమి ఇచ్చి వేయించిన రాయి. రాణి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని ఇచ్చాడు. వాళ్లప్పటికే శివుడిలో కలిసిపోయారని రాయి చెబుతుంది. రుద్రమ ఎప్పుడు చనిపోయిందో చరిత్రకు తెలిసింది ఆ రాయి వల్లే. ఎలా చనిపోయిందో మాత్రం అందులో లేదు. కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో అయ్యుంటుందని చరిత్రకారులు ఊహించారు. ఏడు వందల ఏళ్ల కిందట ఒక రాణి చావు మన దాకా ఒక దానపత్రంగా వచ్చింది. చనిపోయిన విధం వదిలేసి, చేసిన పుణ్యం మాత్రమే చెక్కించారు. మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా అంతే, చెప్పగలిగినంత చెప్పి మిగతాది వదిలేసింది.

సంక్రాంతి సెలవుల్లో సేటును స్కూటీ ముందు నిలబెట్టుకుని నల్లగొండ పక్కన పానగల్లు పోయాను. నా స్నేహితురాలు సముద్రం ఫొటో పెట్టింది కదా, దానికి జవాబు. మాకున్న సముద్రం ఉదయసముద్రమే. కందూరు చోడుల కాలపు చెరువు, ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కింద రిజర్వాయర్. కట్ట మీద నిలబడితే గాలికి అలలు వస్తాయి, ఒడ్డుకు కొట్టుకుంటాయి. సేటు నీళ్లను చూసి మొరిగాడు. వీడియో తీసి పంపాను. "అచ్చం ఫైఫ్ లెక్కనే ఉందే" అని అబద్ధమాడింది.

ఇన్ని వీడియోలు తీశాను, ఇన్ని బిస్కెట్లు పెట్టాను. టీకా మాత్రం వేయించలేదు. పశువుల దవాఖాన మా ఇంటికి పది నిమిషాల దూరం. వీధి కుక్క కదా, నాది కాదు కదా అనుకున్నానేమో. నడకకు నాది, బాధ్యతకు వీధిది.

*

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని కుక్కలు చంపేశాయి. ఆ సీసీటీవీ దృశ్యం టీవీల్లో మళ్లీ మళ్లీ వేశారు. మా అమ్మ రిమోట్ పట్టుకుని చానల్ మార్చేది, ఇంకో చానల్లోనూ అదే. గల్లీలో మాట మారింది. చాయ్ హోటల్ ముందు సేటు కూర్చునే చోట ఎవరో నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. నాకు కోపం వచ్చిన మాట నిజమే కానీ వాళ్ల భయం తప్పని ఎలా అనగలను? చిన్నపిల్లలున్న ఇళ్లు అవి.

మార్చి మొదట్లో ఒక పొద్దున గుట్ట నుంచి తిరిగొస్తున్నాం. మోదుగులు పూసి ఉన్నాయి. ఊరి చివర చికెన్ సెంటర్ల వేస్టు పారబోసే చోట ఐదారు కుక్కల గుంపు ఉంటుంది. రోజూ చుట్టు తిరిగి వచ్చేవాళ్లం. ఆ రోజు మీటింగుకు ఆలస్యమవుతోందని సూటిగా వచ్చాను. గుంపు సేటు మీద పడింది. నేను ఆలోచించలేదు, చెయ్యి పెట్టి వాడి మెడ పట్టి గుంజాను. వాడు గిర్రున తిరిగి కరిచాడు. నన్నని తెలియదు. తెలిసిన మరుక్షణం వదిలేసి వెల్లకిలా పడుకున్నాడు. నేను రాళ్లు విసిరి గుంపును తరిమి, ఆ తర్వాత నా చెయ్యి చూసుకున్నాను. బొటనవేలి కింద రెండు గాట్లు, రక్తం.

పక్కన ఒక డబ్బాలో పది రూపాయల సబ్బు కొని, తోట దగ్గరి నల్లా కింద పదిహేను నిమిషాలు కడిగాను. ఎక్కడో చదివింది గుర్తుండి చేసిన పని. ఇంటికి ఫోన్ చేస్తే నాయిన ఎరువుల దుకాణం వదిలి బండి మీద వచ్చాడు. చెయ్యి చూశాడు. ఏమీ అనలేదు. దవాఖాన దాకా ఒక్క మాట మాట్లాడలేదు. బండి హ్యాండిల్ మీద ఆయన చేతులు వణకడం మాత్రం వెనక నుంచి కనబడింది.

గాయంలోకి సీరం ఇచ్చారు. రెండు భుజాలకు చర్మంలోకి టీకా. మళ్లీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. సిస్టర్ చీటీ రాసిచ్చి, "కరిచిన కుక్క తెలిసిందేనా? అయితే పది రోజులు చూడుండ్రి. చంపొద్దు, తరమొద్దు. పది రోజులు మంచిగుంటే కరిచిన్నాడు దానికి రోగం లేనట్టే. అయినా సూదులు మాత్రం ఆపొద్దు" అంది.

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లవాడికి వేయించిన టీకాతో మొదలైంది ఇదంతా. మన దేశంలో మాత్రం చాలాకాలం 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన పద్ధతే నడిచింది. గొర్రె మెదడు నుంచి తీసిన మందు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఊళ్లలో పెద్దలు ఇప్పటికీ చెప్పేది దాని గురించే. 2005 నాటికి ఆ మందు పోయింది, దాని భయం పోలేదు. ఇప్పటికీ ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. మొదలవకముందు నాలుగు సూదులు చాలు.

*

ఇంటికి వచ్చేసరికి గల్లీ అంతా వాకిట్లో ఉంది. "పట్టిద్దాం వదినా, మున్సిపాలిటోళ్లకు ఫోన్ కొట్టినం" అన్నాడు పక్కింటాయన. ఇంకొకాయన చేతిలో కర్ర ఉంది. సేటు ఎదురింటి మోరీ పక్కన ముడుచుకుని ఉన్నాడు. చెవి దగ్గర రక్తం కారుతోంది.

నేను సిస్టర్ చెప్పింది చెప్పాను. ఎవరూ వినలేదు. విన్నది మా అమ్మ. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన రోజు నుంచి కుక్కలను తరమడమే పనిగా పెట్టుకున్న మనిషి. ఆమె చిన్నాయినను చూడలేదు కూడా. అత్తగారి భయాన్ని నగలతో పాటు తీసుకుంది. ఆమె లోపలికి పోయి పాత చీర చింపి, పేలికలు పేని తాడు చేసి తెచ్చింది. "దాన్ని తోల్క రాపో. పదిరోజులు మన ఏప చెట్టుకే ఉంటది. ఎవ్వలు ముట్టొద్దు" అంది. కర్ర పట్టుకున్నాయన వైపు తిరిగి, "నా బిడ్డ పానం అండ్ల ఉందన్నా" అంది.

అలా మా ఇంట్లోకి కుక్క వచ్చింది.

అమ్మ దాని దగ్గరికి పోయేది కాదు. పొడుగు కర్రతో సత్తుగిన్నె ముందుకు తోసేది. పొద్దున ఐదింటికి లేచి కిటికీలోంచి చూసేది. తోక ఆడిస్తోందా, నీళ్లు తాగుతోందా. ముఖ్యంగా నీళ్లు. వాడు తాగితే పాల ప్యాకెట్ల క్యాలెండర్ మీద ఒక గీత గీసేది. మూడో రోజు వాడు అన్నం ముట్టలేదు. అమ్మ ఆ రోజు తానూ తినలేదు. సాయంత్రం చూస్తే గల్లీ పిల్లలు గోడ మీంచి వాడికి కుర్‌కురేలు వేశారని తేలింది. అమ్మ ఆ పిల్లలను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రాత్రుళ్లు నాకు నిద్ర పట్టేది కాదు. టీకా వేసుకున్నాను, సీరం ఇచ్చారు, భయపడాల్సింది లేదని తెలుసు. అయినా గ్లాసు నీళ్లు తాగేటప్పుడల్లా గొంతు వైపు మనసు పోయేది. పదకొండేళ్ల పిల్లవాడు గ్లాసు చూసి ఎలా ఏడ్చి ఉంటాడో అనిపించేది. అంతకుముందు ఆయన నాకొక నియమం మాత్రమే. ఆ పది రోజుల్లో మనిషి అయ్యాడు.

నాయిన ఆ పది రోజులూ వేప చెట్టు వైపు చూడలేదు. బండి కూడా బయటే పెట్టేవాడు. తొమ్మిదో రోజు రాత్రి కరెంటు పోయింది. అరుగు మీద కూర్చున్నాం. సేటు చీకట్లో ఎక్కడో గోక్కుంటున్నాడు. నాయిన ఉన్నట్టుండి మాట్లాడాడు.

"వాన్ని కరిసింది బయటి కుక్క గాదు. మేం సాకిందే. నేనూ వాడూ. బర్లకాడ ఉంటుండె."

అమ్మ కూడా అలా చూసింది. ఆమెకూ తెలియదన్న మాట.

"కరిసిన్నాడే తాత కొట్టి సంపిండు. పొద్దు గూకక ముందే పాతిపెట్టినం. నల్లగొండల సూదులేపిచ్చిన్రు, మూడేసుకున్నడు. బొడ్డుకాడ ఏస్తే ఏడుస్తుండె. వరి కోతలు. బస్సు కిరాయి. కుక్క మంచిగనే ఉండె గదా, మొన్నటిదాక మనతోనే ఆడె గదా అని అందరన్నరు. పసరు పోపిచ్చి ఊకున్నరు."

చాలాసేపు ఏమీ అనలేదు.

"సంపకపోతే తెలుస్తుండె. నాలుగు దినాలల్ల దానికి ఎర్రి లేస్తుండె, మాకు సమజైతుండె. సూదులు ఆపకపోతుంటిమి."

నలభై రెండేళ్లు ఆయన ఆ లెక్క ఒక్కడే చేసుకుంటూ ఉన్నాడు. ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో కుక్కను నిషేధించింది భయంతో అనుకున్నాను అన్నాళ్లూ. భయం నాయనమ్మది. నాయినది వేరే. ఆయన కుక్క వైపు చూడకపోవడం దాన్ని అసహ్యించుకుని కాదు.

కరెంటు వచ్చింది. నాయిన లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు. కర్ర తీసుకోలేదు. నేరుగా వేప చెట్టు కిందికి పోయి గిన్నెలో పోశాడు. సేటు లేచి నిలబడి తాగాడు. తాగే చప్పుడు అరుగు దాకా వినిపించింది. నాయిన అక్కడే గొంతుక్కూర్చుని అదంతా అయ్యేదాకా చూశాడు.

*

పది గీతలయ్యాయి. పదకొండో రోజు సేటును పశువుల దవాఖానకు నడిపించుకుని పోయి టీకా వేయించాను. కార్డు మీద యజమాని పేరు అడిగారు. నా పేరు చెప్పాను. కర్ర పట్టుకున్నాయన ఇప్పటికీ సేటును చూస్తే పక్కకు జరుగుతాడు, వాళ్ల ఇంట్లో చిన్నపిల్ల ఉంది. నేను ఆ వైపు నడిచేటప్పుడు తాడు కురచగా పట్టుకుంటాను.

నా ఇరవై ఎనిమిదో రోజు సూది అయిపోయిన మర్నాడు మళ్లీ గుట్టకు బయల్దేరాం. అమ్మ వాకిలి ఊడుస్తోంది. అలవాటుగా తలెత్తి అడిగింది.

"ఒక్కదానివే పోతున్నవా?"

"లేదమ్మా. సేటు ఉన్నడు."

ఊడ్చడం ఆపి ఇద్దరినీ ఒకసారి చూసింది. "ఎండ కాకముందు రాండ్రి" అంది.

రాండ్రి అంది. రా అనలేదు.